హైదరాబాద్ నుంచి పుణెకు ఇల్లు మారేవారికి

సామాను సర్దడానికి నెల రోజుల ముందే కాగితాల పని మొదలుపెట్టాలి. అన్నిటికంటే జాప్యం జరిగేది వాహనం విషయంలోనే: 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి అక్కడి నంబరు తీసుకోవలసి ఉంటుంది కనుక, ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రాన్ని, బండిపై అప్పు ఉంటే దానికి ముందుగా బ్యాంకు అంగీకారాన్ని సంపాదించుకోవాలి. మహారాష్ట్రలో రహదారి పన్ను కట్టాక, ఇక్కడ కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగం వాపసు కోసం దరఖాస్తు చేయవచ్చు. 2021లో వచ్చిన, రాష్ట్రం మారినా చెల్లే బీహెచ్ (భారత్) శ్రేణి నంబరు ఉన్నవారికి ఈ తిప్పలు లేవు.

గ్యాస్ సిలిండరును లారీలో ఎక్కించకూడదు. రెగ్యులేటరుతో సహా ఏజెన్సీకి అప్పగించి, కనెక్షన్ వదులుకున్నట్టు తెలిపే టెర్మినేషన్ వోచరు తీసుకోవాలి. పిల్లల టీసీలు మరవకూడదు.

ప్యాకర్లు ఇంటికి వచ్చి సామాను చూశాకే, వస్తువుల జాబితా, రవాణా బీమా, మెట్లెక్కించే కూలీ అన్నీ కలిపి ధరను కాగితం మీద రాయించుకోవాలి. ఫోనులో చెప్పిన ధర దించేటప్పుడు పెరుగుతుంది. నగలు, దస్తావేజులు, నా మాట వింటే ఆవకాయ జాడీ కూడా, వెంటే తీసుకువెళ్లాలి. పుణెలో స్థిరపడ్డాక ఓటు మార్పునకు ఫారం 8 సమర్పించాలి.