మొక్కల ఎక్స్‌ట్రాక్ట్‌తో ఎంజైమ్ పరీక్ష, 4వ పాఠం: మైనస్ ఎందుకొచ్చింది?

పోయినసారి ఆల్ఫా గ్లూకోసిడేజ్ (పిండిపదార్థాల్ని చక్కెరగా తెంచే ఎంజైమ్) పరీక్ష చేసి చూడమంటే చాలామందికి ఇన్హిబిషన్, అంటే ఎంజైమ్ పని ఎంత శాతం తగ్గిందనేది, మైనస్‌లో వచ్చింది, "మొక్క ఎంజైమ్‌ని ఇంకా రెచ్చగొడుతోందా" అని అడిగారు. అంత సీన్ లేదండీ. ఇవాళ ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే డోసు) చెప్దామనుకున్నా గానీ ముందు ఇది తేలాలి. బఫర్ పీహెచ్ 6.8, 37 డిగ్రీలు, ఇవన్నీ మళ్లీ చెప్పను.

మనం కొలిచేది పీఎన్‌పీజీ (ఎంజైమ్ తెంచడానికి మనం వేసే పదార్థం) తెగితే వచ్చే పారా నైట్రోఫినాల్ పసుపుని, 405 నానోమీటర్ల దగ్గర. మీ ఎక్స్‌ట్రాక్ట్ రంగు కూడా అక్కడే పడుతుంది, ఏది ఎవరి రంగో మెషీన్‌కి తెలీదు, రెండూ కలిపి ఒకే నంబర్ ఇస్తుంది. "బ్లాంక్ తీసేశాం కదా" అన్నారు కొందరు. బ్లాంక్ అంటే ఎంజైమ్ వేయకుండా తీసే రీడింగ్. మీరు తీసేసింది కంట్రోల్ బ్లాంక్, అంటే ఎక్స్‌ట్రాక్ట్ లేనిది! శాంపిల్‌కి దాని బ్లాంక్ దానికే ఉండాలి: అదే ఎక్స్‌ట్రాక్ట్, అదే పీఎన్‌పీజీ, ఎంజైమ్ బదులు బఫర్. ప్రతి డోసుకీ విడిగా. 500 మైక్రోగ్రాముల బ్లాంక్‌ని 50కి వాడితే ఎలా?

ఇంకోటి, నాకు ఒళ్లుమండేది ఇదే, ఎంజైమ్‌ని ఆపడానికి చివర్లో వేసే సోడియం కార్బొనేట్ అనే క్షారాన్ని బ్లాంక్‌లో ఎగ్గొట్టడం. క్షారం తగిలితే ఎక్స్‌ట్రాక్ట్‌లోని పాలీఫినాల్స్ అనే మొక్క పదార్థాల రంగు ముదురుతుంది, శాంపిల్‌లో ముదిరి బ్లాంక్‌లో ముదరకపోతే ఆ తేడా అంతా మీ లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది.

లెక్క చూడండి. కంట్రోల్ 0.80, దాని బ్లాంక్ 0.05, తేడా 0.75. శాంపిల్ 0.65, దాని బ్లాంక్ 0.35, తేడా 0.30. 0.75లో 0.45 తగ్గింది, అంటే ఇన్హిబిషన్ 60 శాతం. అదే శాంపిల్‌లోంచి కంట్రోల్ బ్లాంక్ 0.05 తీస్తే 20 శాతమే. ఎక్స్‌ట్రాక్ట్ ఇంకాస్త ముదురుగా ఉంటే మైనస్సే. నేనైతే బ్లాంక్ 0.5 దాటితే ఆ డోసుని వదిలేస్తా, బతిమాలను.

ఎక్స్‌ట్రాక్ట్‌ని కరిగించే డీఎంఎస్ఓ శాంపిల్‌లో ఎంత ఉందో కంట్రోల్‌లోనూ అంతే ఉండాలి.

కరక్కాయతో 98 శాతం వచ్చిందని సంబరపడ్డవాళ్లు కాస్త ఆగండి, దాన్లోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ఏ ప్రొటీన్‌నైనా పట్టేస్తాయి, ఎంజైమూ ప్రొటీనే. పీవీపీపీతో (టానిన్లని పట్టుకునే పొడి) టానిన్లు తీసేసి మళ్లీ చూడండి. అకార్బోజ్ (ఈ ఎంజైమ్‌ని ఆపే షుగర్ మందు) కంటే మా మొక్కే మేలు అనడం కూడా అప్పుడే వద్దు, ఈస్ట్ ఎంజైమ్ మీద అకార్బోజ్ అసలే బలహీనం, ఎలుక పేగు ఎంజైమ్‌తో పోల్చి మాట్లాడండి.

ప్రాక్టీస్: ఎంజైమ్ ముట్టుకోకుండా ఎనిమిది డోసుల బ్లాంక్‌లు, కార్బొనేట్‌తో ఒక సెట్, లేకుండా ఒక సెట్, ఒక్కోటి ప్లేట్‌లో మూడేసి వెల్స్ (గుంటలు). రెండు గీతలూ ఒకే గ్రాఫ్‌లో గీసి తెస్తేనే ఐసీ50.