పిల్లాడికి వీఆర్ హెడ్‌సెట్ పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఆటిజం ఉన్న పిల్లలకి రోడ్డు దాటడం, బస్సెక్కడం లాంటివి వీఆర్‌లో (కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుంటే చుట్టూ నిజంలా కనిపించే కంప్యూటర్ సీన్లలో) ప్రాక్టీస్ చేయిద్దాం అనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

- ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా? ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతావాళ్లకన్నా ఎక్కువ, ఒక్కసారి వచ్చినా సరే న్యూరాలజిస్ట్‌ని అడక్కుండా మొదలెట్టొద్దు.

- వయసు. మెటా కంపెనీ వీఆర్ హెడ్‌సెట్ క్వెస్ట్‌కి కనీసం 10 ఏళ్లుండాలి, 13 లోపైతే పేరెంట్ కంట్రోల్‌లో ఉండే అకౌంటే. "మావాడు పొడుగ్గా ఉంటాడండీ" అంటే కుదరదు.

- బరువు. క్వెస్ట్ 3 అరకేజీ పైనే, అదంతా మొహం మీదే. మావాడికి టోపీ పెట్టినా చిరాకే, అందుకని నాలుగు రోజులు ఆన్ చెయ్యకుండా టేబుల్ మీదే వదిలేశాం, వాడే వచ్చి స్ట్రాప్ లాగి చూశాడు, తర్వాత టెడ్డీకి పెట్టాడు, ఆ తర్వాతే పది లెక్కపెట్టేంతసేపు తన మొహానికి.

- హారన్లు, జనం లేని సీన్‌తో మొదలెట్టండి, సౌండ్ బాగా తగ్గించి.

- మాటలు రాని పిల్లలైతే "ఆపు" అనడానికి ఒక సైగ ముందే నేర్పండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

- కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్‌కి కాస్ట్ చేసుకుని వాడేం చూస్తున్నాడో మీరూ చూడండి. ఫస్ట్ టైమ్ ఐదు నిమిషాలు చాలు, కళ్లు తిరుగుతున్నాయని చెప్పలేరు కదా, చెమటలు పట్టినా మొహం పాలిపోయినా తీసేయడమే. తిన్న వెంటనే వద్దు.

- వీఆర్‌లో దాటేశాడు కదా అని నిజం రోడ్డు మీద చెయ్యి వదలకండి బాబూ, ఇక్కడ రెడ్ పడినా బైకులు ఆగవు.

- ఆ, హెడ్‌సెట్ కిటికీ దగ్గర పెట్టొద్దు, లెన్స్ మీద ఎండ పడితే లోపలి స్క్రీన్ కాలిపోద్ది.