ఏప్రిల్ దూడకు జులైలోనే ముహూర్తం

అమెరికాలోని నెబ్రాస్కా శాండ్‌హిల్స్‌లో ఒక రాంచ్‌లో పశువుల పనంతా నా చేతి మీదుగా జరుగుతుంది. 340 ఆవులు, 14 ఆబోతులు. నేను చేరినప్పుడు ఇక్కడ ఆవుల ఈతలు, అంటే దూడలు పుట్టడం, మార్చి 1కి మొదలయ్యేవి. ఎందుకని అడిగితే రాంచ్ పెద్దాయన "మా నాన్న రోజుల నుంచీ అంతే" అనేవాడు. 2019 మార్చి తర్వాత ఆ మాట మళ్లీ ఆయన నోట వినలేదు.

ఆ నెల 13న పొద్దున్నే వాన మొదలైంది. మంచయితే దులుపుకుంటే పోతుంది, వాన బొచ్చు లోపలికి దిగిపోతుంది. ఆ తర్వాత వాన మంచుగా మారింది. గాలికి పికప్ తలుపు తెరవడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. బాంబ్ సైక్లోన్, అంటే ఉన్నట్టుండి బలపడే తుపాను అని తర్వాత పేపర్లలో రాశారు. రెండు రోజుల్లో మాకు 19 దూడలు పోయాయి. బతికినవాటిలో ఒకదాన్ని పికప్‌లో నా కాళ్ల దగ్గర హీటర్ గాలి తగిలేలా పడుకోబెట్టి తెచ్చాను. నోట్లో వేలు పెడితే లోపల మంచుగడ్డలా ఉంది. వేలిని నాలుకతో పట్టుకోవాల్సిన దూడ ఊరికే నోరు తెరుచుకుని ఉంది.

అప్పుడు నాకు బాగా అర్థమైంది, చలి ఒక్కటే ఉంటే ఆవుకి పెద్ద ఇబ్బంది లేదు. దట్టమైన శీతాకాలపు బొచ్చు పొడిగా ఉంటే మైనస్ 8 డిగ్రీల సెల్సియస్ దాకా ఒంటి వేడి కోసం ఆవు అదనంగా తినక్కర్లేదు. అదే బొచ్చు తడిస్తే 15 డిగ్రీల దగ్గరే చలి మొదలవుతుంది. ఇక దూడ పుట్టడమే తడిగా పుడుతుంది. తల్లి నాకి ఆరబెట్టేలోపు గాలి కొట్టిందా, అయిపోయినట్టే. అందుకని ఈతల తేదీ పెట్టుకునేటప్పుడు థర్మామీటర్ ఒక్కటే చూస్తే చాలదు. తడీ గాలీ కలిసి వచ్చే రోజులు మీ దగ్గర ఎప్పుడు తగ్గుతాయో చూడాలి. మా దగ్గర ఏప్రిల్ చివర్లో కూడా మంచు పడుతుంది. కాకపోతే రెండు రోజుల్లో కరిగిపోతుంది, ఎండ కాస్తుంది.

అయినా నేను ముందు చూసేది వాతావరణం కాదు, గడ్డి. ఈనిన రెండు నెలలకు ఆవు పాలు బాగా ఇచ్చే దశకు వస్తుంది, అప్పుడే దానికి మేత ఎక్కువ కావాలి. మా పచ్చిక జూన్‌లో మంచి ఊపు మీద ఉంటుంది. మార్చి 1న ఈనిన ఆవుకి ఆ దశ ఏప్రిల్ చివర్లోనే వచ్చేస్తుంది. అప్పటికి నేల మీద ఏమీ ఉండదు, మొత్తం ఎండుగడ్డి కట్టలే. ఏప్రిల్ 20 తర్వాత ఈనితే ఆ పని పచ్చికే చూసుకుంటుంది. మీ నేలలో పచ్చిక బాగా ఎదిగే వారం ఏదో తెలిస్తే అక్కడి నుంచి రెండు నెలలు వెనక్కి రండి. మీ తేదీ దాదాపు అక్కడే ఉంటుంది.

తేదీ తేలాక లెక్క సులువు. ఆవు చూడి కాలం, అంటే గర్భం మోసే కాలం, సగటున 283 రోజులు. ఏప్రిల్ 20న ఈతలు మొదలవ్వాలంటే జులై 11న ఆబోతుల్ని మందలో వదలాలి. మార్చి 1కి ఈనించాలంటే మే 22నే వదలాల్సి వచ్చేది. సగటు అన్నానుగా, మొదటి దూడ లెక్కకన్నా వారం పది రోజులు ముందే పడుతుంది. కంగారు పడకండి, కానీ షెడ్డు మాత్రం ఆ లోపే సిద్ధం చేసుకోండి.

ఆవు 21 రోజులకోసారి ఎదకు, అంటే ఆబోతుతో కలిసే దశకు, వస్తుంది. ఆబోతుల్ని 63 రోజులు ఉంచితే ప్రతి ఆవుకీ మూడు అవకాశాలు దొరుకుతాయి. సెప్టెంబర్ 12న నేను వాటిని బయటికి తీసేస్తాను. ఇంకో రెండు వారాలు ఉంచుదామని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. వినకండి. అప్పుడు చూడి కట్టిన ఆవు మళ్లీ ఏడాది కూడా ఆలస్యంగానే ఈనుతుంది, ఆ తోక అలా సాగుతూనే ఉంటుంది. ఏడాదికో దూడ ఇవ్వాలంటే ఈనిన 82 రోజుల్లోపు ఆవు మళ్లీ చూడి కట్టాలి. అందులో మొదటి 50, 60 రోజులు అది ఎదకే రాదు.

మొదటిసారి ఈనే తొలిచూలు పెయ్యల సంగతి వేరు. అవి ఈనాక మళ్లీ ఎదకు రావడానికి ఇంకో నెల దాకా ఎక్కువ తీసుకుంటాయి. అందుకని వాటిని మందకన్నా మూడు, నాలుగు వారాలు ముందు కట్టించమని పుస్తకాలు చెబుతాయి. నేను రెండు వారాలతో ఆపేశాను. ఎందుకంటే ఈనడం తెలియని పెయ్యని, దూడని చూసి భయపడి పారిపోయే పెయ్యని అందరికన్నా ముందు చలిలోకి తోసినట్టవుతుంది. జూన్ 27న వాటి దగ్గరికి ఆబోతు వెళ్తుంది, ఏప్రిల్ 6 నుంచి అవి షెడ్డు పక్క దొడ్డిలోనే ఉంటాయి.

మార్చి నుంచి ఏప్రిల్‌కి జరగడం కష్టమేం కాదు, ఆబోతుల్ని ఆలస్యంగా వదిలితే సరి. కష్టమంతా డబ్బు దగ్గర. దూడ రోజుకి సుమారు 2 పౌండ్లు పెరుగుతుంది. 50 రోజులు ఆలస్యంగా పుట్టిన దూడని అక్టోబర్‌లో అదే తేదీకి అమ్మితే 100 పౌండ్లు తక్కువ తూగుతుంది. తేలిక దూడకి పౌండు ధర కొంచెం ఎక్కువ పలుకుతుంది కాబట్టి నష్టం పూర్తిగా ఆ మేరకు ఉండదు. అయినా పెద్దాయన ముఖం మాడింది. అందుకే రెండు విడతల్లో జరిపాం. 2019లో జూన్ 15న, 2020లో జులై 11న వదిలాం. మిగిలిన ఎండుగడ్డి లెక్క చూశాక ఆయన ఇక ఏమీ అనలేదు.

అలాగని జూన్ దాకా లాగకండి. జూన్‌లో ఈనితే మళ్లీ కట్టించేది సెప్టెంబర్‌లో. అప్పటికి పచ్చిక ముదిరి మాంసకృత్తులు తగ్గిపోతాయి, ముఖ్యంగా పెయ్యలు చూడి కట్టడం తగ్గుతుంది.

ఎంత జాగ్రత్తగా తేదీ పెట్టినా ఒకటో రెండో చెడ్డ రాత్రులు తప్పవు. నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లు కొన్ని చోట్ల అప్పుడే పుట్టిన పశువుల కోసం ప్రత్యేకంగా చలి హెచ్చరిక ఇస్తారు. ఉష్ణోగ్రతతో పాటు గాలినీ తడినీ కలిపి లెక్కేస్తారు కాబట్టి నాకు మామూలు రిపోర్టు కన్నా అదే పనికొస్తుంది. అలాంటి రాత్రికి ముందే ఈనేలా కనిపిస్తున్న ఆవుల్ని, అంటే పొదుగు బిగిసి, తోక మొదలు పక్కన గుంటలు పడ్డవాటిని గాలి అడ్డున్న చోటికి తోలి, దట్టంగా గడ్డి పరుస్తాను.

ఇంకో చిట్కా. కెనడాలోని మానిటోబాలో గస్ కోనెఫాల్ అనే రైతు 1970లలో కనిపెట్టాడు. మేత సాయంత్రం పెడితే ఎక్కువ ఆవులు పగలే ఈనుతాయి. ఈతలకు నెల ముందు నుంచే అలవాటు చేయాలి. అన్నీ పగలే ఈనవు గానీ, నాకు నిద్ర దొరికింది.

చలికి బిగుసుకున్న దూడ దొరికితే ముందు వెనకనుంచి థర్మామీటర్ పెట్టండి. మామూలుగా 101, 102 ఫారన్‌హీట్ ఉండాలి. 100కి తగ్గితే వెచ్చబెట్టడం మొదలు, 94కి దిగితే ప్రాణం మీదకొచ్చినట్టే. మేం బాత్‌టబ్‌లో 100 ఫారన్‌హీట్ గోరువెచ్చని నీళ్లు పోసి, తల పైకి పట్టుకుని పడుకోబెడతాం. తీశాక బొచ్చు లోపల దాకా పొడిబట్టతో రుద్ది ఆరబెట్టాలి, సగం తడితో బయటికి పంపితే మొదటికొస్తుంది. తర్వాత జున్నుపాలు. పుట్టిన రెండు గంటల్లోపు తాగితే మేలు, ఆరు గంటలు దాటనివ్వకండి. రోజు గడిస్తే పేగు ఇక జున్నుపాలలోని రోగ రక్షణని పీల్చుకోదు. పీల్చే బలం లేకపోతే ట్యూబ్‌తో 2 లీటర్లు పోయండి. స్నానంతో వాసన పోయి తల్లి దగ్గరికి రానివ్వకపోతే, ఈనాక పడిన మాయ ఇంకా అక్కడే ఉంటే తెచ్చి దూడ వీపుకి రాయండి. చూడటానికి అసహ్యమే. ఆవుకి మాత్రం అదే బిడ్డ గుర్తు.

ఇక మిగిలింది కంచె. జులై 11 అని క్యాలెండర్‌లో రాసుకుంటే చాలదు, అప్పటిదాకా ఆబోతులు అటువైపే ఉండాలి. ఒక ఏడాది మే 10న పక్క రాంచ్ ఆబోతు తీగ తొక్కుకుని వచ్చి వారం రోజులు మా మందలో హాయిగా తిరిగింది. ఫలితం ఫిబ్రవరి 17 నుంచి ఏడు దూడలు. ఏడూ బతికాయి గానీ చెవుల కొసలు చలికి చచ్చి రాలిపోయాయి. వాటిలో మూడు పెయ్యలు ఇప్పటికీ మందలో ఉన్నాయి. మొండి చెవులతో ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి, అవి కనిపించినప్పుడల్లా ఒకసారి వెళ్లి తీగ లాగి చూసి వస్తాను.