ఎడారిలో చల్లబడని ఫ్రిజ్: నా అనుభవం

ఉద్యోగ విరమణ తర్వాత నేనూ మా ఆవిడా ఆర్‌వీలోనే, అంటే ఇల్లులా అమర్చిన బండిలోనే, కాపురం ఉంటున్నాం. అమెరికాలోని మొహావీ ఎడారిలో ఆగిన మూడో రోజు పాలు విరిగిపోయాయి. ఫ్రిజ్‌లో థర్మామీటరు పెడితే 14 డిగ్రీలు! ఫ్రిజ్‌ను నడిపే గ్యాస్ మంట మాత్రం నీలంగా, నిలకడగా వెలుగుతూనే ఉంది.

ఈ రకం ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. మంట వేడికి అమ్మోనియా నీటి నుంచి విడిపోయి పైకి వెళ్తుంది, అక్కడ చల్లబడి ద్రవమవుతుంది, తర్వాత హైడ్రోజన్ సమక్షంలో ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. ద్రవం కిందికి పారడానికి భూమ్యాకర్షణే దిక్కు. బండి వాలుగా ఉంటే ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. “పెనంలో నూనె ఒక పక్కకే పోతోంది, చూశారా?” అని మా ఆవిడ రెండు రోజులుగా అంటూనే ఉంది. నేను వింటేగా!

కుడి చక్రాల కింద దిమ్మలు వేసి బండిని సమం చేశాను. తెల్లవారేసరికి 9 డిగ్రీలకు దిగింది. మధ్యాహ్నం మళ్లీ పెరిగింది.

గ్యాస్ ఆపి, ఫ్రిజ్ వెనక బండి బయటి గోడకున్న జాలీ తీశాను. (అమ్మోనియా ఘాటు వస్తే చేయి పెట్టకూడదు, అది మెకానిక్ పని.) లోపల వేడిగాలి కదలకుండా నిలిచి ఉంది. పడమటి ఎండంతా ఆ గోడ మీదే. బండిని తిప్పి ఆ పక్కను ఉత్తరానికి పెట్టాను. కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, గాలిని పైకి తోసేలా, అమ్మోనియా చల్లబడే గొట్టానికున్న లోహపు రెక్కల కింద బిగించాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం 4 డిగ్రీలు. మా ఆవిడ థర్మామీటరు చూడనేలేదు, పెనంలో నూనె పోసి చూసుకుంది.