గిటార్ పెడల్స్ – 6వ పాఠం: డిలే, ఎకో

గత పాఠంలో ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ చూశాం. అవి గిటార్ గొంతునే మార్చేస్తాయి. ఈసారి చూసే పెడల్, అంటే కాలితో నొక్కే ఈ చిన్న పెట్టె, గిటార్ గొంతు జోలికి పెద్దగా పోదు. మీరు వాయించినదాన్ని పట్టి ఉంచుకుని, కాసేపాగి మళ్ళీ వినిపిస్తుంది. పెళ్ళిపందిట్లో మైకు పట్టుకుని "హలో" అనగానే వెనకాలే "లో... లో..." అని వచ్చే రీసౌండ్ అందరికీ తెలుసు. దాన్నే గిటార్‌కి లెక్క ప్రకారం తగిలిస్తే డిలే అయింది. ఈ పాఠంలో నిజంగా నేర్చుకోవాల్సింది ఆ లెక్కే. కాబట్టి పెడల్ బ్రాండ్ల చర్చ కాస్త పక్కన పెట్టి, మెట్రోనోమ్ దగ్గర పెట్టుకోండి.

డిలే, ఎకో అన్న రెండు పేర్లనీ కంపెనీలు ఇష్టమొచ్చినట్టు వాడుకుంటాయి. మనం రెండిటినీ ఒకటిగానే చూద్దాం. రివర్బ్ మాత్రం వేరే సంగతి, అది వచ్చే పాఠం.

మూడు నాబ్‌లు

పెడల్ ఎంత ఖరీదైనదైనా పనిచేసేవి మూడే: టైమ్, ఫీడ్‌బ్యాక్, మిక్స్. ఫీడ్‌బ్యాక్‌ని కొన్ని పెడల్స్ మీద రిపీట్స్ అనీ, మిక్స్‌ని లెవల్ లేదా బ్లెండ్ అనీ రాస్తారు.

టైమ్ అంటే మీరు మీటిన స్వరానికీ దాని మొదటి రిపీట్‌కీ మధ్య ఎడం. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. సెకనుకి వెయ్యి మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే 17 మీటర్ల దూరంలో ఉన్న గోడకి ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే, ఆ చప్పుడు వెళ్ళి తిరిగి రావడానికి దాదాపు 100 మిల్లీసెకన్లు పడుతుంది. పెడల్ మీద 100 పెట్టడమంటే ఎదురుగా అంత దూరంలో గోడ కట్టుకున్నట్టే.

ఈ ఎడం 30, 40 మిల్లీసెకన్ల లోపు ఉంటే చెవికి రెండు శబ్దాలుగా వినబడదు. రెండూ కలిసి ఒకటే అయిపోతాయి. 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు మాటల మీద పరీక్షలు చేసి దీన్ని వివరించాడు. గిటార్ మీద దాని ఫలితం ఏమిటంటే, ఒక్కరే వాయిస్తున్నా ఇద్దరు కలిసి వాయిస్తున్నంత మందంగా వినిపిస్తుంది. 80 నుంచి 140 వరకు పోతే స్లాప్‌బ్యాక్, అంటే వెంటనే తగిలి ఆగిపోయే ఒక్క దెబ్బ. 300 దాటాక రిపీట్ దానంతట అది ఒక స్వరంగా నిలబడుతుంది. ఇక అప్పుడు అది తాళంలో ఎక్కడ పడుతోందో పట్టించుకోక తప్పదు.

ఫీడ్‌బ్యాక్ ఎన్నిసార్లు రిపీట్ అవ్వాలో నిర్ణయిస్తుంది. లోపల జరిగేది సులువే: బయటికి వచ్చిన రిపీట్‌లో కొంత భాగాన్ని మళ్ళీ పెడల్ లోపలికే పంపుతారు. సగం పంపితే మొదటి రిపీట్ కన్నా రెండోది సగం, మూడోది పావు, అలా తగ్గుతూ పోతుంది. మొత్తం పంపితే ఇక తగ్గదు. అంతకు మించితే ప్రతి రిపీట్ ముందుదానికన్నా పెద్దదై, చివరికి పెడల్ తనంతట తానే ఊళపెడుతుంది. కొందరు కావాలనే ఈ ఊళని స్టేజి మీద వాడతారు. మీరు సరదాగా చేసి చూడండి కానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాత్రం వద్దు.

మిక్స్ అంటే మీ అసలు స్వరంతో పోలిస్తే రిపీట్ ఎంత గట్టిగా ఉండాలన్నది. కొత్తవాళ్ళ చెయ్యి ముందు ఈ నాబ్ మీదికే పోతుంది, దాదాపు చివరిదాకా తిప్పేస్తారు. గదిలో ఒంటరిగా వాయించేటప్పుడు బ్రహ్మాండంగానే ఉంటుంది. నలుగురు కలిసి వాయించేటప్పుడు అదే సెట్టింగ్‌తో పాటంతా బురదైపోతుంది. నా అభిప్రాయం అడిగితే, మామూలు సోలోకి మిక్స్ ఎంత ఉండాలంటే, పెడల్ ఆన్‌లో ఉన్నప్పుడు రిపీట్ ప్రత్యేకంగా వినబడకూడదు, ఆఫ్ చేస్తే మాత్రం ఏదో పోయినట్టు అనిపించాలి. కింద చెప్పబోయే పద్ధతి ఒక్కటే దీనికి మినహాయింపు.

త క ధి మి లెక్క

పాట వేగాన్ని బీపీఎంలో చెబుతారు, అంటే నిమిషానికి ఎన్ని బీట్లని. నిమిషంలో 60,000 మిల్లీసెకన్లు ఉంటాయి కాబట్టి, 60,000ని బీపీఎంతో భాగిస్తే ఒక్క బీట్ ఎంతసేపో తెలుస్తుంది. 120 బీపీఎం పాటలో బీట్ 500 మిల్లీసెకన్లు, 100 బీపీఎంలో 600. టైమ్ నాబ్‌ని ఆ అంకె మీద పెడితే ప్రతి రిపీట్ సరిగ్గా తర్వాతి బీట్ మీద పడుతుంది. సగం పెడితే బీట్‌కీ బీట్‌కీ మధ్యలో పడుతుంది. ఇంతవరకు ఎవరికైనా వచ్చేస్తుంది.

అసలు రుచి ఇంకోచోట ఉంది. పాశ్చాత్య సంగీతంలో దాన్ని డాటెడ్ ఎయిత్ అంటారు. యూటూ బ్యాండ్ గిటారిస్టు ది ఎడ్జ్ 1980లలో దీన్ని తన ముద్రగా చేసుకున్నాడు. వినేవాళ్ళకి ఆయన చాలా వేగంగా వాయిస్తున్నట్టు ఉంటుంది. నిజానికి చెయ్యి వాయించేది సగమే, మిగతా సగం పెడల్ నింపుతుంది. పుస్తకాల్లో దీన్ని నోట్ల బొమ్మలతో వివరిస్తారు, చాలామంది అక్కడే వదిలేస్తారు. మనకి అంత శ్రమ అక్కర్లేదు, చతురశ్ర నడక చాలు.

ఒక్కో బీట్‌ని నాలుగు ముక్కలు చేసి నోటితో అనండి: త క ధి మి, త క ధి మి. ఇప్పుడు టైమ్‌ని మూడు అక్షరాల పొడవుకి పెట్టండి. 120 బీపీఎంలో బీట్ 500 కాబట్టి ఒక్కో అక్షరం 125, మూడు అక్షరాలు 375. మీరు "త" మీద మీటిన స్వరం మూడు అక్షరాలు దాటి "మి" మీద తిరిగొస్తుంది. "ధి" మీద మీటింది మూడు అక్షరాలు దాటితే తర్వాతి బీట్‌లోని "క" మీద పడుతుంది. మీ చెయ్యి వాయించేది త, ధి. పెడల్ నింపేది క, మి. రెండూ కలిసి నాలుగక్షరాలూ ఖాళీ లేకుండా మోగుతాయి. ఒకసారి నోటితో "త, ధి" గట్టిగా, "క, మి" మెల్లగా అంటూ చేత్తో తాళం వేయండి. గిటార్ ముట్టుకోకుండానే విషయం అర్థమవుతుంది.

ఇక్కడ మిక్స్ మామూలుకన్నా ఎక్కువ కావాలి. రిపీట్ మీ స్వరానికి దాదాపు సమానంగా వినబడకపోతే ఆ అల్లిక బయటికి రాదు. ఫీడ్‌బ్యాక్ తక్కువే ఉంచండి, రెండు మూడు రిపీట్లు చాలు. రెండో రిపీట్ ఆరు అక్షరాల తర్వాత, మళ్ళీ మీరు వాయించే చోటే వచ్చి పడుతుంది. అప్పటికి మీరు వేరే కార్డ్‌లోకి వెళ్ళిపోయి ఉంటే రెండూ గొడవపడతాయి.

ఇంకో సంగతి, పెడల్ మీ కోసం ఆగదు. డ్రమ్మర్ వేగం కాస్త పెరిగినా అది మొదట పెట్టిన లెక్కనే పట్టుకుని ఉంటుంది. అందుకే చాలా పెడల్స్‌కి ట్యాప్ టెంపో స్విచ్ ఉంటుంది. బీట్‌కి ఒకసారి చొప్పున కాలితో నొక్కితే వేగం పట్టుకుంటుంది. అది లేని పెడల్ అయితే, తీగల మీద ఎడమచెయ్యి ఆనించి మూగగా ప్రతి "త" మీద ఒక్క దెబ్బ వేస్తూ, రిపీట్ "మి" మీద పడేదాకా టైమ్ నాబ్‌ని నెమ్మదిగా తిప్పండి.

తకిట నడకలో ఉన్న పాటలకి ఈ లెక్క పనికిరాదు. అక్కడ బీట్‌ని మూడు ముక్కలు చేసి, రెండు ముక్కల పొడవు పెట్టుకోవాలి.

టేపు నుంచి చిప్‌దాకా

పెడల్స్ మీద టేప్, అనలాగ్, డిజిటల్ అని మూడు రకాల పేర్లు కనిపిస్తాయి. మూడూ చేసేది ఒకే పని, శబ్దాన్ని దాచుకునే తీరులోనే తేడా.

మొదట్లో దాచుకోవడానికి ఉన్నది టేపు రికార్డరే. టేపు ముందుగా రికార్డ్ చేసే హెడ్‌ని, తర్వాత వినిపించే హెడ్‌ని దాటుతుంది. ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి చేరడానికి పట్టే సమయమే డిలే. సెకనుకి 15 అంగుళాలు పరిగెత్తే టేపు మీద హెడ్ల మధ్య 2 అంగుళాలు ఉంటే 133 మిల్లీసెకన్లు వస్తుంది, చక్కటి స్లాప్‌బ్యాక్. అమెరికాలోని మెంఫిస్‌లో సన్ స్టూడియో నడిపిన శామ్ ఫిలిప్స్ రెండు టేపు యంత్రాలతో ఈ పని చేశాడు. ఎల్విస్ ప్రెస్లీ 1954 నాటి రికార్డింగుల్లో వినబడేది అదే. స్టూడియోలో కుదిరింది స్టేజి మీద ఎలా? రే బట్స్ అనే ఆయన యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) లోపలే టేపు ఎకో పెట్టి ఎకోసోనిక్ అని తయారుచేశాడు. ఎల్విస్ గిటారిస్టు స్కాటీ మూర్ దాన్నే వాడాడు. ఆ తర్వాత విడి పెట్టెలు వచ్చాయి: 1959లో ఎకోప్లెక్స్, 1974లో రోలాండ్ స్పేస్ ఎకో. ఇటలీలో చేసిన బిన్సన్ ఎకోరెక్‌లో టేపు బదులు అయస్కాంతపు డ్రమ్ తిరుగుతుంది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్‌కి అది ప్రాణం. టేపు అరిగేకొద్దీ రిపీట్ కాస్త మసకబారుతుంది, మోటారు కొంచెం తడబడితే శ్రుతి ఊగుతుంది. ఈ లోపాలే జనానికి నచ్చాయి.

1969లో ఫిలిప్స్ కంపెనీ పరిశోధనశాలలో బకెట్ బ్రిగేడ్ అనే పరికరం పుట్టింది. మంటలార్పేటప్పుడు జనం వరసగా నిలబడి నీళ్ళ బకెట్లు చేతులు మార్చుకున్నట్టు, చిప్‌లోని వేల కెపాసిటర్లు విద్యుదావేశాన్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి అందిస్తాయి. ఆ పేరు అందుకే. ఒక్కో లయకి ఆవేశం రెండు గదులు దాటుతుంది కాబట్టి, 4096 గదులున్న చిప్‌ని సెకనుకి పదివేల లయతో నడిపితే 205 మిల్లీసెకన్లు వస్తుంది. ఇంకా ఎక్కువ డిలే కావాలంటే నడకని నెమ్మదింపజేయాలి, దాంతో రొద పెరుగుతుంది. ఆ రొద వినబడకుండా పైస్థాయిని ఫిల్టర్‌తో కోసేస్తారు. అనలాగ్ డిలేలో అందరూ మెచ్చుకునే ఆ వెచ్చటి మందమైన ధ్వనికి కారణం ఈ కోతే.

1983లో బాస్ కంపెనీ డీడీ-2 తెచ్చింది. కాలికింద ఇమిడే చిన్న పెడల్‌లో పూర్తి డిజిటల్ డిలే అదే మొదటిది. శబ్దాన్ని అంకెలుగా దాచుకుని 800 మిల్లీసెకన్ల వరకు ఇస్తుంది. రిపీట్ తుడిచిపెట్టినంత శుభ్రంగా ఉంటుంది. విడ్డూరం ఏమిటంటే, ఇవాళ్టి డిజిటల్ పెడల్స్‌లో చాలావాటికి ఆ శుభ్రాన్ని చెడగొట్టి పాత టేపులా ఊగించే నాబ్ కూడా పెడుతున్నారు, మనం దానికి డబ్బులు పోస్తున్నాం.

చవగ్గా దొరికే పెడల్స్‌లోనూ, కరావోకే మైకుల ఎకో బోర్డుల్లోనూ తరచుగా పీటీ2399 అనే చిప్ ఉంటుంది. 300 మిల్లీసెకన్ల వరకు అది బాగానే పాడుతుంది, ఆ పైన గరగరలాడుతుంది. స్లాప్‌బ్యాక్ నేర్చుకోవడానికి అది చాలు.

ఎక్కడ తగిలించాలి

గిటార్ నుంచి ముందు డిస్టార్షన్, తర్వాత డిలే. తిరగేస్తే ఏమవుతుందో ఒకసారి చేసి చూడండి: మెల్లగా తగ్గాల్సిన రిపీట్లన్నిటినీ డిస్టార్షన్ పైకి లాగి ఒకే మందంలోకి తెస్తుంది, స్వరం మీద స్వరం పడి ఏదీ తెలియదు. మీ డిస్టార్షన్ యాంప్‌లోనే వస్తుంటే, యాంప్ వెనకాల సెండ్, రిటర్న్ అని రెండు రంధ్రాలు ఉన్నాయేమో చూసి, డిలేని వాటి మధ్య పెట్టండి. కరెంటు విషయంలో ఒక్క మాట: చాలా పెడల్స్‌కి 9 వోల్టుల సెంటర్ నెగటివ్ అడాప్టర్ కావాలి, కానీ డిజిటల్ డిలే అనలాగ్ కన్నా ఎక్కువ మిల్లీయాంపులు తాగుతుంది. అడుగున రాసినది చదివి కొనండి.

అభ్యాసం

మొదటిది స్లాప్‌బ్యాక్. టైమ్ 120, ఫీడ్‌బ్యాక్ పూర్తిగా కింద, మిక్స్ సగానికి కొంచెం తక్కువ. కుడి అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర ఆనించి, లావు తీగల మీద పొట్టిపొట్టి దెబ్బలు వాయించండి. స్వరాన్ని సాగదీస్తే రిపీట్ దాని కిందే మునిగిపోతుంది.

రెండోది 100 బీపీఎంలో, టైమ్ 600. సి మేజర్ స్కేల్, అంటే మన శంకరాభరణం స్వరాలు, బీట్‌కి ఒకటి చొప్పున వరసగా వాయించండి. ప్రతి స్వరం మీదా వెనకటి స్వరం వచ్చి పడి, రి మీద స, గ మీద రి రాసుకుంటాయి. ఇప్పుడు స గ ప స అని వాయించి చూడండి, ఎకో దానంతట అదే కార్డ్ అల్లేస్తుంది. ఏ స్వరాలు డిలేకి ఒప్పుతాయో చెవికి ఇక్కడే తెలుస్తుంది.

మూడోది త క ధి మి. అదే 100 బీపీఎంలో అక్షరానికి 150, మూడు అక్షరాలకి 450. ఒకే స్వరంతో మొదలుపెట్టి, కుదిరాక స గ ప స లోకి వెళ్ళండి. చెయ్యి "క, మి"ల మీదికి దొర్లకుండా చూసుకోవడమే కష్టం. వింటున్న వేగానికి చెయ్యి కూడా పరుగు తీయబోతుంది.

పెడల్ లేనివాళ్ళు కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో "త, ధి" రికార్డ్ చేసి, ఎకో ఎఫెక్ట్‌లో డిలే టైమ్ దగ్గర 0.45 సెకన్లు పెట్టుకోవచ్చు. రికార్డింగ్ చివర కొంచెం నిశ్శబ్దం వదిలి, దాన్నీ కలిపి సెలెక్ట్ చేయండి. లేకపోతే ఆఖరి రిపీట్లు తెగిపోతాయి.

వచ్చే పాఠం రివర్బ్. ఈలోగా మూడో అభ్యాసం 80 బీపీఎంలోనూ కుదరాలి. దానికి టైమ్ ఎంత పెట్టాలో నేను చెప్పను, లెక్క పైనే ఉంది.