ఎండలో వ్యూఫైండర్, పువ్వు దగ్గర స్క్రీన్: చిన్న డిజిటల్ కెమెరాతో ఫొటో తీయడం ఎలా?

బీరువాలో మూలనపడ్డ నా కానన్ ఏ590ని మా అక్క కూతురు పోయిన ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు పట్టుకొచ్చింది. కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కగానే, “మామయ్యా, ఇందులో నా మొహమే కనిపిస్తోంది” అంది. బెంగళూరులో మబ్బు తొలిగితే ఎండ అంతే, వెనకున్న స్క్రీన్ అద్దమైపోతుంది. అప్పుడు చూపించాను, స్క్రీన్ పైనున్న బుల్లి కిటికీని.

ముందు మీ కెమెరాకు అది ఉందో లేదో చూడండి. లెన్స్‌కి పైన ముందువైపు ఒక చిన్న గాజు గడి, సరిగ్గా దాని వెనక మరొకటి ఉంటే అదే వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ. చాలా కెమెరాలకు ఉండదు. వెనక స్క్రీన్‌తో 1995లో వచ్చిన కాసియో క్యూవీ-10కే లేదు.

ఉంటే, ‘డిస్ప్’ అని రాసున్న బటన్ నొక్కుతూ పోండి, ఒకచోట స్క్రీన్ ఆరిపోతుంది. బ్యాటరీని బాగా తినేది ఆ స్క్రీనే. రెండు పెన్సిల్ సెల్స్ మీద నడిచే నా కెమెరాకు అదో లాభం. ఇప్పుడు మోచేతులు డొక్కలకు ఆనించి, కెమెరాను కనుబొమకు తాకించండి. చేతులు చాచి పట్టుకున్నప్పటి వణుకు చాలావరకు పోతుంది. ముక్కు జిడ్డు స్క్రీన్‌కి అంటుతుంది, తుడుచుకోవాల్సిందే. షట్టర్ బటన్ సగం నొక్కి ఆగండి. కిటికీ పక్కన పచ్చ లైటు నిలకడగా వెలిగితే పూర్తిగా నొక్కేయొచ్చు. నా కెమెరాలో నారింజ రంగు లైటు మిణుకుమంటే వెలుతురు చాలట్లేదని, చెయ్యి కదిలితే ఫొటో చెదురుతుందని అర్థం. సూర్యుణ్ని మాత్రం అందులోంచి చూడకండి, కళ్లు పాడవుతాయి.

ఇంకోటి, ఈ కిటికీలో కనిపించేది ఫొటోలో పడేదాంట్లో సుమారు 80 శాతమే. మీరు చూడని చెత్తబుట్ట కూడా అంచున వచ్చి కూర్చుంటుంది.

అసలు చిక్కు గ్లాస్ హౌస్‌లో వచ్చింది. మా మేనకోడలు గులాబీని కిటికీలో నడిమధ్యన పెట్టి తీసింది. ఫొటోలో పై రేకులు లేవు! కిటికీ లెన్స్‌కన్నా మూడు వేళ్లంత పైన ఉంటుంది, రెండూ తిన్నగా ముందుకే చూస్తాయి. పది అడుగుల దూరంలో నిలబడ్డ మనిషికి ఆ మూడు వేళ్లు లెక్కలోకి రావు. జానెడు దూరంలో ఉన్న పువ్వుకు తల తెగిపోతుంది. కెమెరాను అంచనాగా కాస్త పైకెత్తి తీయొచ్చు కానీ, ఆ అంచనాతో నేను పాడుచేసుకున్న ఫొటోలే ఎక్కువ. అందుకే పువ్వు బొమ్మ ఉన్న, బాగా దగ్గరివి తీసే మాక్రో మోడ్ పెట్టగానే స్క్రీన్ వెలిగించుకోండి.

మరి బయట మడుల దగ్గర ఎండ ఉంటే? మెనూలో స్క్రీన్ వెలుగు పెంచి, దాని మీద నీడ పడేలా చూసుకోండి. మా మేనకోడలు చున్నీని తలమీదుగా కెమెరాకీ కప్పేసుకుని, పాతకాలపు స్టూడియో ఫొటోగ్రాఫర్‌లా బంతిమడి మీదికి వంగింది. వెనక లైన్లో ఉన్నవాళ్లు కాసేపు పూలు మానేసి తననే చూశారు.