పాత్ర కోసం యాస పట్టుకోవడం ఎలా?

నటులకు యాస నేర్పే పని చాలాకాలంగా చేస్తున్నాను. ఎక్కడ చూసినా ఒకటే తప్పు. మామూలు డైలాగులో రెండు ‘గట్ల’లు, ఒక ‘మస్తు’ చల్లి తెలంగాణ యాస వచ్చేసిందనుకుంటారు. మూడుసార్లు ‘ఏటి’ అంటే శ్రీకాకుళం వచ్చేసిందనుకుంటారు. ఆ ప్రాంతం వాళ్లకు అది తమను వెక్కిరించినట్టే వినబడుతుంది.

కావలసినవి ఫోను, ఇయర్‌ఫోన్లు, ఒక నోట్‌బుక్కు, కనీసం నెల రోజుల టైము.

ముందు పాత్రది ఏ ఊరో తేల్చుకోండి. ‘రాయలసీమ యాస’ అంటే సరిపోదు, చిత్తూరు మాట వేరు, అనంతపురం మాట వేరు. ఆ ప్రాంతంలో పాత్ర వయసు, చదువు ఉన్న మనిషిని వెతికి, అడిగి, ఒక గంట మాటలు రికార్డు చేసుకోండి. స్క్రిప్టు ఇచ్చి చదివించకూడదు. కాగితం చేతిలో పెడితే ఎవరికైనా పుస్తక భాషే వస్తుంది. వాళ్లింట్లో పెళ్లి గురించో, పంట గురించో అడగండి, అసలు మాట అప్పుడు బయటికొస్తుంది. సినిమాలు చూసి మాత్రం నేర్చుకోవద్దు. అందులో ఉన్నది ఇంకో నటుడు పట్టుకున్న యాస, అతని తప్పులు కూడా మీకు అంటుకుంటాయి.

తర్వాత మీ డైలాగుల్లో క్రియలన్నిటి కిందా గీత గీయండి. కోస్తాలో ‘వచ్చాడు’ అనేది తెలంగాణలో ‘వచ్చిండు’, సీమలో ‘వచ్చినాడు’. ఇవి సరిగా పడితే ప్రత్యేకమైన పదాలు ఒక్కటీ లేకపోయినా యాస నిలబడుతుంది.

ఇక అందరూ బోల్తాపడేది రాగం దగ్గర. పదాలన్నీ సరిగ్గా పలికి, వాక్యాన్ని మాత్రం సొంత ఊరి రాగంలోనే ముగిస్తారు. దీనికి నేను ఒప్పుకునే పద్ధతి ఒక్కటే. రికార్డింగులో ఒక వాక్యం తీసుకుని, మాటలు వదిలేసి, పెదాలు మూసి కూనిరాగంలా తీయాలి. గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ సాగింది, చివర ఎక్కడ పడింది అన్నది అలాగే రావాలి. రోజుకు పది వాక్యాలు చాలు. వారం దాకా మాట జోలికి పోవద్దు. తొందరపడి మొదటిరోజే మాట కలిపితే పాత రాగం తిరిగొచ్చేస్తుంది, ఆ తర్వాత దాన్ని వదిలించడం చాలా కష్టం.

అక్షరం నిడివి కూడా ఇక్కడే చూసుకోవాలి. ‘ఉన్నాడు’ తెలంగాణలో ‘ఉన్నడు’ అవుతుంది. ఆ ఒక్క దీర్ఘం తగ్గగానే వాక్యం నడకే మారిపోతుంది. దీర్ఘం అలాగే ఉంచి పక్కన ‘గిట్ల’ పెడితే అతుకు వినబడిపోతుంది.

రాగం వచ్చిందనుకున్నాక కోపం, ఏడుపు సీన్లతో పరీక్షించుకోండి. తాపీగా మాట్లాడేటప్పుడు నిలిచిన యాస అరిచేటప్పుడు జారిపోతుంది, ఎందుకంటే అప్పుడు నోరు పుట్టినప్పటి అలవాటుకు పోతుంది. అందుకే నేను మొదటి రిహార్సలే గొడవ సీనుతో పెడతాను. చాలామంది కోచ్‌లు మామూలు సీన్లతో మొదలుపెట్టి, షూటింగ్ దగ్గరపడ్డాక టెన్షన్ పడతారు.

పుట్టుకతో రాని యాస రాదనే మాట నేను ఒప్పుకోను. సాయిపల్లవి మాతృభాష తెలుగు కాదు, తమిళనాడు నీలగిరి కొండల్లో మాట్లాడే బడగ. 2017లో వచ్చిన ‘ఫిదా’లో తెలంగాణ అమ్మాయి పాత్రకు తన డబ్బింగ్ తనే చెప్పుకుంది.

‘ఇప్పుడు ఎలాగోలా చెప్పేసి డబ్బింగ్‌లో సరిచేద్దాం’ అని మాత్రం అనుకోవద్దు. సెట్‌లో ‘వచ్చాడు’ అంటే ‘చా’ దగ్గర నోరు బాగా తెరుచుకుంటుంది. తర్వాత దాని మీద ‘వచ్చిండు’ కూర్చోదు. ‘వచ్చినాడు’ అయితే ఒక అక్షరం ఎక్కువ. క్రియలు షూటింగ్ రోజుకే సరిగా ఉండాలి. డబ్బింగ్ నెలల తర్వాత ఉంటుంది కాబట్టి పాత రికార్డింగులు చెరిపేయకుండా దాచుకోండి, స్టూడియోకు వెళ్లే ముందు రెండు రోజులు మళ్లీ కూనిరాగం తీయండి. మొదటి సీను చెప్పాక ఆ ప్రాంతం మనిషికి బొమ్మ చూపించకుండా గొంతు మాత్రమే వినిపించండి. ‘మీదే ఊరు?’ అని అడిగితే మిగతా సీన్లకు వెళ్లొచ్చు.